అరుగు మీది మనుషులు, ఫోనులోని గొంతు

కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) వాళ్లు క్రెడిట్ కార్డు బాకీ గురించి రోజుకు ఐదారు సార్లు ఫోను చేస్తున్నారని, ఆ సంగతి మీ రూమ్మేటుకు కూడా చెప్పేశారని, కట్టకపోతే పోలీసులను పంపి వీసా రద్దు చేయిస్తామంటున్నారని సింగరాయకొండ నుంచి అమెరికా వచ్చి ఏడాదిన్నర అయిన మీరు రాశారు. కార్డు బాకీకి ఇక్కడ పోలీసులు రారు, వీసా పోదు. ముందు నిద్రపోండి. మిగిలినది నా కథతో చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో మీకన్నా తెలివితక్కువగా ప్రవర్తించినవాణ్ణి నేను.

మాది కావలి దగ్గర పల్లె. 1994-95లో రొయ్యలకు తెల్లమచ్చల వ్యాధి వచ్చి మా నాన్న చెరువులు రెండూ పోయాయి. మేత కొట్టు బాకీకి, రొయ్యపిల్ల కొన్న బాకీకి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన నోటు బాకీకి మనుషులు తెల్లవారకముందే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. వాళ్లు అరిచేవారు కాదు. వీధిలో పోయేవాళ్లు చూస్తే చాలు, వాళ్ల పని అయినట్టే. అమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చేది, నాన్న పెరటి దారిన వెళ్లిపోయేవాడు. బాకీ అడిగినవాడి ముందు నోరెత్తకూడదన్నది నాకు అక్కడే ఒంటబట్టింది.

2002 జనవరిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మంచు మీద జారిపడి, మణికట్టు విరిగి, ఎమర్జెన్సీకి వెళ్లాను. అక్కడ నా ఇంటిపేరును పేరుగా, పేరును ఇంటిపేరుగా రాసుకున్నారు. అటువంటి మనిషి తమ లెక్కలో లేడని ఇన్సూరెన్సు వాళ్లు బిల్లు తిప్పికొట్టారు. ఈలోగా నేను అద్దె కలిసొస్తుందని ఇల్లు మారడంతో ఉత్తరాలన్నీ పాత చిరునామాకే పోయాయి. ఆగస్టులో ఒక కలెక్షన్ ఏజెన్సీ నుంచి నేరుగా ఆఫీసుకు ఫోను వచ్చింది. 640 డాలర్లు కట్టాలట. పక్క సీటువాడు వింటాడేమోనని గొంతు తగ్గించి, ఏ బాకీ అని కూడా అడగకుండా, నెలకు 80 చొప్పున కడతానని ఒప్పుకుని, చెక్కు మీది అంకెలన్నీ చదివి వినిపించాను. మరుసటి వారమే మొత్తం 640 ఒక్కసారిగా లాగేసుకున్నారు. అద్దె చెక్కు తిరిగొచ్చింది, బ్యాంకు ఒక జరిమానా వేసింది, ఇంటివాళ్లు మరొకటి వేశారు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేక, జీతం ఆలస్యమైందని నాన్నతో అబద్ధమాడాను. పేరు సరిచేయించి బిల్లు మళ్లీ పంపించి ఉంటే నా వాటా 50 డాలర్లేనని ఏడాది తర్వాత తెలిసింది, అప్పటికి గడువు దాటిపోయింది.

అందుకే డబ్బు విషయం అడగకుండా ఉండలేకపోతున్నాను: కార్డు మీద అంత వాడవలసిన అవసరం ఏమొచ్చింది? ఇప్పుడు వచ్చే పిల్లలు దిగిన నెలకే కారు, రెండో నెలకు విహారయాత్ర అంటున్నారు. మేము నలుగురం ఒక గదిలో ఉండి, పాల డబ్బా ఖర్చు కూడా పంచుకున్నాం. నేను ఈనాటికీ పైసా పైసా నోటుపుస్తకంలో రాస్తాను. నా భార్య నవ్వుతుంది, నవ్వనీయండి. మూడు నెలల అద్దె విడిగా ఖాతాలో ఉన్నవాడి గొంతు ఫోనులో వణకదు.

ఇక నిబంధనలు క్లుప్తంగా చెబుతాను, వివరాలు మీరే చూసుకోగలరు. బాకీల వసూలుపై ఇక్కడున్న 1977 నాటి చట్టం ప్రకారం ఏజెన్సీ మొదటిసారి పలకరించిన 5 రోజుల్లోగా బాకీ వివరాలు మీకు ఇవ్వాలి. అవి అందిన 30 రోజుల్లోగా మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఫోను చేయకూడదు, రూమ్మేటుకు మీ బాకీ సంగతి చెప్పకూడదు. ఫోనులో బాకీ ఒప్పుకోకండి, ఖాతా నంబరు చెప్పకండి. గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమన్నవాడు ఏజెన్సీవాడు కాదు, మోసగాడు. అయితే కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి. వెళ్లకపోతే తీర్పు వాళ్లకే అనుకూలంగా వస్తుంది, చాలా రాష్ట్రాల్లో జీతం నుంచే కోసుకుంటారు.

ఆ అభ్యంతరం రాసిన ఉత్తరాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది), అందినట్టు రసీదు కోరుతూ పంపండి. 2004లో అదే ఆసుపత్రి బిల్లు కోసం ఇంకో ఏజెన్సీ ఫోను చేసినప్పుడు నేను చేసింది అదే. బాకీ కట్టిన బ్యాంకు కాగితం నకలు జతచేసి ఒక్క పేజీ రాశాను. పది రోజులకు వాళ్ల సంతకంతో ఆకుపచ్చ రసీదు కార్డు తిరిగొచ్చింది, ఫోను మళ్లీ మోగలేదు. ఈ దేశంలో నాకు వచ్చిన మొదటి గ్రీన్ కార్డు అదే. రెండోదానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది.