సెంట్రింగ్ చెక్కల గుర్తులు వెతుకు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఆదివారం పిల్‌బాక్సులు (యుద్ధకాలంలో కట్టిన, తుపాకీ కంతలున్న చిన్న కాంక్రీటు గదులు) చూడబోతున్నానన్నావుగా, ముందు టెంట్స్‌మూర్ అడవికి వెళ్లు. మీ డండీ నుంచి టే నది దాటితే అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 ఏప్రిల్లో జర్మనీ నార్వే మీద పడేసరికి మన స్కాట్లండ్ తూర్పు తీరానికి గుబులు పట్టుకుంది. ట్యాంకులు ఒడ్డెక్కకుండా 1941లో పోలండ్ సైనికులు ఇక్కడ వరసగా కాంక్రీటు దిమ్మలు పోశారు. పోసింది నీటి అంచున. తర్వాత ఇసుక మేటవేసి సముద్రం వెనక్కి జరిగింది, దిమ్మలు లోపల ఉండిపోయాయి. ఉత్తరాన లాసీమౌత్ దగ్గర కథ తిరగబడింది: కెరటాలు ఒడ్డును కోసేస్తుంటే పిల్‌బాక్సులు పక్కకి ఒరిగిపోయాయి.

దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకు. దగ్గరికెళ్లి చేత్తో తడుము. సెంట్రింగ్ చెక్కల గీతలు, మేకు తలల గుర్తులు తగులుతాయి. మన ఊళ్లో శ్లాబు విప్పాక కనిపిస్తాయే, అచ్చం అలాగే. కంకర ఎక్కడిదో కూడా చూడు. చాలాచోట్ల ఆ పక్క తీరం గులకరాళ్లే కలిపేసినట్టుంటుంది. నాకైతే ఇవి కోటలకంటే ఎక్కువ మాట్లాడతాయి.

స్టోన్‌హేవెన్ నుంచి కోవీ వాగు వెంట లోపలికి 1940లో ఒక రక్షణ వరస కట్టారు, ఉత్తరాన దిగిన శత్రువు దక్షిణానికి రాకుండా. అక్కడో పిల్‌బాక్సులోకి టార్చి వేయకుండా దూరాను. లోపలున్న గొర్రె నాకంటే ఎక్కువ హడలిపోయి నా కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది. బురదలో కూర్చుండిపోయాను. పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. కాబట్టి ముందు తుపాకీ కంతలోంచి లోపలికి టార్చి కొట్టి చూడు.

చలికాలం చివర వెళ్లడమే మేలు. వేసవిలో ఫెర్న్ పొదలు నడుమెత్తు పెరిగి గోడల్ని మింగేస్తాయి, పిడుదులు కూడా పట్టుకుంటాయి. 2003 చట్టం ప్రకారం పొలాల మీదుగా నడిచే హక్కుంది, కానీ పైరు తొక్కకు, గేటు ఎలా ఉంటే అలాగే వదిలేయి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు ఈనుతుంటాయి, ఆ మడుల జోలికి వెళ్లకు.

డన్‌బ్లేన్ దగ్గర షెరిఫ్‌మూర్‌లో ఒక గోడ ఉంది. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి ముందు సాధన కోసం, అక్కడ జర్మన్లు కట్టిన రక్షణ గోడకు నకలుగా 1943లో కట్టి, మనవాళ్లే పేల్చుకున్నారు. (మనవాళ్లు అనేశాను చూడు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా కదా!) దాని ఊచలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎక్కొద్దు. ఎక్కడైనా తుప్పుపట్టిన గుండులాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి 999కి ఫోన్ చెయ్యి.

నా పాత గమ్‌బూట్లు తొమ్మిదో నంబరువి. సరిపోతే శనివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ బాబాయి