గాంట్రీ గర్డర్ లెక్క సరిపోయింది సరే, చివర కనెక్షన్ ఎలా ఇచ్చారు?

10 టన్నుల ఈఓటీ క్రేన్ (షెడ్డులో పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్), దాని పట్టాను మోసే గాంట్రీ గర్డర్‌కు స్తంభానికీ స్తంభానికీ 7.5 మీటర్లు, ఐఎస్‌ఎంబీ 600 (ఐ ఆకారపు ఉక్కు దూలం) మీద ఐఎస్‌ఎంసీ 300 (ఛానల్) బోర్లించారు, బలం, డిఫ్లెక్షన్ (కిందికి వంగడం) రెండూ సరిపోయాయి, ఇంకేం చూడాలి అని అడిగారు. లోడ్ల కోడ్ ఐఎస్ 875 రెండో భాగం చెప్పినట్టు వీల్ లోడ్ మీద 25 శాతం ఇంపాక్ట్ (కుదుపు), క్రాబ్ (క్రేన్ మీద అటూ ఇటూ నడిచే ట్రాలీ) బరువూ ఎత్తే బరువూ కలిపి అందులో 10 శాతం సర్జ్ (అడ్డంగా తోసే బలం) తీసుకునే ఉంటారు. 50 టన్నుల లోపు క్రేన్లకు ఉక్కు కోడ్ ఐఎస్ 800 డిఫ్లెక్షన్‌కు ఇచ్చే హద్దు స్పాన్‌లో 750వ వంతు, అంటే మీకు 10 మి.మీ. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. గర్డర్ చివరను స్తంభానికి ఎలా కట్టారో మాత్రం మీరు రాయలేదు. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

పటాన్‌చెరు వైపు ఒక షెడ్డు, డిజైన్ నాదే. క్రేన్ నడవడం మొదలైన మూడో ఏడు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు: "సార్, క్రేన్ ఆ స్తంభం దాటినప్పుడల్లా టక్‌మంటోంది." వెళ్లి నిచ్చెనెక్కి చూశాను. గర్డర్ వెబ్‌ను (మధ్య నిలువు భాగాన్ని) స్తంభానికి కలుపుతూ నేనే ఒక నిలువు ప్లేటు ఇచ్చాను. దాని వెల్డు అంచున పెయింటు మీద వెంట్రుకంత గోధుమరంగు గీత. బొటనవేలితో రుద్దితే తుప్పు పొడి అంటింది. డై పెనిట్రెంట్ (పగుళ్లను చూపే రంగు ద్రవం) కొడితే జానెడు పగులు బయటపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం చిన్నదే. గర్డర్ మధ్యలో 10 మి.మీ. కిందికి వంగితే చివర సుమారు 0.004 రేడియన్ తిరుగుతుంది. 600 మి.మీ. లోతు గర్డర్‌కు పై ఫ్లాంజ్ (దూలం పై పట్టీ) దగ్గర అది రెండు మి.మీ. పైచిలుకు కదలిక. లెక్కలో సింప్లీ సపోర్టెడ్ (చివర్లు స్వేచ్ఛగా తిరిగేలా ఆనించినది) అనుకున్నాను, డ్రాయింగ్‌లో ఆ ప్లేటుతో చివరను బిగించేశాను. క్రేన్ వచ్చిన ప్రతిసారీ ప్లేటు అటూ ఇటూ నలిగింది. రోజుకు 100 ట్రిప్పులు, ఏడాదికి 300 రోజులు అనుకున్నా 20 ఏళ్లకు 6 లక్షల ట్రిప్పులు. అన్నిసార్లు వంచితే ఏ వెల్డయినా అలసిపోతుంది.

ఆ ప్లేట్లన్నీ కోయించి, పై ఫ్లాంజ్ ఎత్తులో మాత్రమే లింకులు పెట్టించాను. రైలుకు (క్రేన్ పట్టాకు) అడ్డంగా వచ్చే సర్జ్‌ను అవి స్తంభానికి చేరుస్తాయి, రైలు వెంబడి కదలికకు మాత్రం ఒదిగిపోతాయి. తర్వాత శబ్దం రాలేదు.

ఛానల్‌ను ఐఎస్‌ఎంబీకి అతికే వెల్డు తెంపు లేకుండా వేయించండి, ముక్కలు ముక్కలుగా వద్దు. కింది ఫ్లాంజ్‌కు మధ్య స్పాన్‌లో కేబుల్ బ్రాకెట్లు, హుక్కులు వెల్డు చేయకూడదని డ్రాయింగ్ మీదే పెద్ద అక్షరాలతో రాయండి. సైట్‌లో ఎలక్ట్రికల్ వాళ్లు అడగకుండా అంటించేస్తారు, లాగుడు పడే ఆ కింది ఫ్లాంజ్‌లో పగులు అలాంటి చోటే మొదలవుతుంది.

చివర డీటెయిల్ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. రైలు మధ్యగీత నుంచి స్తంభం మధ్యగీతకు ఎంత దూరమో కూడా రాయండి, గర్డర్‌ను మోసే బ్రాకెట్ వల్ల స్తంభానికి వచ్చే మొమెంట్ (వంచే ప్రభావం) ఆ దూరాన్ని బట్టే ఉంటుంది.