తుప్పు మీదే పెయింట్ కొట్టారు, కేసు వేయొచ్చా?

సందేహం: మాది మిర్యాలగూడ. నా కారు పదకొండేళ్ల పాతది. రెండు డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డు మీద తుప్పు పట్టింది. సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో ఒక షెడ్డుకు ఇచ్చాను. తుప్పంతా తీసి, ప్రైమర్ కొట్టి, అదే రంగు వేస్తామని చీటీ మీద రాసిచ్చి 28,000 రూపాయలు తీసుకున్నారు. వానలు పడగానే బుడగలు లేచి పెయింట్ ఊడిపోతోంది. అడిగితే "తుప్పుకు గ్యారంటీ లేదని చీటీ కిందే రాశాం కదా" అంటున్నారు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పేలో పంపాను. ఇక్కడే ఇంకో షెడ్డులో గీకించి మళ్లీ వేయిద్దామనుకుంటున్నాను. వాళ్ల మీద పోలీసు కేసు పెట్టొచ్చా? ఇందుకోసం హైదరాబాద్ తిరగాలా?

జవాబు: ముందు ఆ ఇంకో షెడ్డు పని ఆపండి. గ్రైండర్ పెట్టిన మరుక్షణం మీ దగ్గరున్న అసలు సాక్ష్యం దుమ్మైపోతుంది. ఇలాగే ఒకాయన కొత్త పెయింట్‌తో మెరిసిపోతున్న కారు తెచ్చి, పాత షెడ్డువాళ్లు మోసం చేశారని నా ముందు కూర్చున్నాడు. ఆయన మాట నేను నమ్మాను. కానీ వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆయన్ని ఉత్త చేతులతో పంపించిన బాధ నాకు ఇంకా ఉంది.

సాక్ష్యం ఎక్కడుందో చెబుతాను. బుడగ లేచినచోట ఒక పెచ్చును గోటితో మెల్లగా లేపి, వెనక్కి తిప్పి చూడండి. పైపై తుప్పును సరిగ్గా తీయాలంటే వైర్ బ్రష్‌తోనో, 80 నంబరు ఎమరీ పేపరుతోనో రేకు తెల్లబడేదాకా రుద్దాలి. ఆ తర్వాత సన్న పేపరు పట్టాలి. చిన్న చిన్న గుంటల్లో పోకుండా మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) రాయాలి. జిడ్డు, దుమ్ము లేకుండా తుడిచి, ఆ రోజే ప్రైమర్ కొట్టాలి. గీకిన రేకును అలాగే వదిలేస్తే గాలిలో తేమకే మళ్లీ ఎర్రబడుతుంది. ఇవన్నీ చేసినచోట పెచ్చు అంత తేలిగ్గా లేవదు. లేచినా వెనక ప్రైమర్ పొర కనిపిస్తుంది. మీ పెచ్చు వెనక ప్రైమర్ జాడ లేకుండా, ఇటుక పొడిలాంటి తుప్పు నేరుగా లప్పానికి (గుంటలు పూడ్చే పుట్టీకి) అంటుకుని ఉందంటే, పని ఎగ్గొట్టారనడానికి అది గట్టి ఆధారం. లప్పం తేమను పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

ఆ పెచ్చులను కవర్లో వేసి, తేదీ రాసి దాచండి. మొత్తం కారు, తర్వాత నంబర్ ప్లేటు, తర్వాత బుడగలు, ఇలా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఆపైన లైసెన్సు ఉన్న బీమా సర్వేయర్‌కో, ఆటోమొబైల్ ఇంజనీర్‌కో చూపించి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. వేరే షెడ్డు మేస్త్రీ నోటిమాట సరిపోదు.

మీకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. అప్పుడు పైన ఎంత బాగా గీకి రంగేసినా బుడగ ఆగదు. షెడ్డువాళ్లు ఈ మాటే పట్టుకుంటారు. అందుకే తుప్పు బయటిదా, లోపలిదా అన్నది రిపోర్టులో ఒక్కో చోటుకు విడిగా రాయించండి. రన్నింగ్ బోర్డు మీద మీ వాదన నిలిచి, డోర్ల మీద నిలవకపోవచ్చు. "రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి" అని వాళ్లు ముందే చెబితే మీరు వద్దన్నారా? అది మీ వకీలు దగ్గర దాచకండి.

ఇక గ్యారంటీ మాట. గ్యారంటీ అనేది చేసిన పని ఎన్నాళ్లు నిలుస్తుందన్న సంగతి. అసలు పనే చేయకుండా డబ్బు తీసుకోవడం వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) కింద అది సేవా లోపం. "గ్యారంటీ లేదు" అని ఒక లైను రాసినంత మాత్రాన అది మాసిపోదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టంలో సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. కాబట్టి బిల్లు లేదని టెన్షన్ పడకండి. ఆ చీటీ, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే చాలు. మెసేజ్‌ల ప్రింట్లు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 ప్రకారం, అవి మీ ఫోనులోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయండి. ఆ మెసేజ్‌లున్న ఫోను అమ్మేయకండి.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. పాత 1986 చట్టం ప్రకారం అవతలివాళ్లున్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో పోవాల్సి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. అంటే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరిచ్చిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. బుడగ లేచిన రోజు నుంచి కాకుండా కారు తీసుకున్న రోజు నుంచే లెక్కపెట్టుకుంటే ఏ పేచీ ఉండదు.

పోలీసు కేసు జోలికి వెళ్లొద్దని నా సలహా. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అనాలంటే, డబ్బు తీసుకునేనాటికే వాళ్లకు ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. నాసిరకం పనిని అంతదాకా లాగడం కష్టం. స్టేషన్‌లో సివిల్ తగాదా అని పంపించేస్తారు.

ముందుగా 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. 28,000 వాపసు, సర్వేయర్ ఖర్చు, కొంత పరిహారం అడగండి. లక్షలు అడిగితే మీ కేసే పలుచనవుతుంది.

కేసు తేలేదాకా తుప్పు ఆగదు కదా అని మీకు అనిపించొచ్చు, నిజమే. అందుకే నోటీసులోనే ఒక తేదీ రాయండి: "ఆలోపు వచ్చి కారు చూసుకోండి, తర్వాత నేను బాగు చేయించుకుంటాను" అని. వాళ్లు రాకపోతే, రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి ధైర్యంగా మిర్యాలగూడలోనే చేయించుకోండి. ఈసారి చీటీ మీద గీకుడు, కన్వర్టర్, ప్రైమర్ విడివిడిగా రాయించి, బిల్లు అడిగి తీసుకోండి. ప్రైమర్ కొట్టే ముందు ఫోన్ చేయమని మేస్త్రీకి చెప్పి, మీరే వెళ్లి తెల్లటి రేకును ఫోటో తీసుకోండి.