ఉత్తర్వు కాగితం ఎవరు చూడాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఒక టెలికాం సంస్థ నెట్‌వర్క్ విభాగంలో పనిచేస్తున్నాను. ఫలానా నంబరు మీద నిఘా పెట్టమని హోం శాఖ నుంచి ఉత్తర్వు వస్తే కాదనే ధైర్యం ఏ కంపెనీకీ ఉండదు. అమెరికాలో ఇలా సహకరించిన ఫోన్ కంపెనీల మీద కేసులు నడవకుండా 2008లో చట్టమే చేశారని చదివాను. ప్రభుత్వం చెప్పినట్టు చేసినవాళ్లను కోర్టుకు ఈడ్చకపోవడం న్యాయమే కదండీ?

జవాబు: చట్టప్రకారం వచ్చిన ఉత్తర్వును పాటించిన ఉద్యోగిని శిక్షించాలని ఎవరూ కోరరు. కోర్టు ఉత్తర్వు మేరకో, చట్టం నిర్దేశించిన ధ్రువపత్రం మేరకో సహకరించిన కంపెనీకి అమెరికాలో అంతకుముందు నుంచే రక్షణ ఉంది. 2008 జులైలో సెనేట్ 69-28 ఓట్లతో ఆమోదించిన చట్టం ఇచ్చినది వేరు. 2001 అక్టోబరులో అధ్యక్షుడు బుష్ అనుమతితో మొదలై, కోర్టు వారంట్లు లేకుండా సాగి, 2005 డిసెంబరులో పత్రికలకెక్కిన నిఘాకు సహకరించిన కంపెనీలకు, జరిగిపోయిన పని మీద కూడా వర్తించేలా ఇచ్చిన మినహాయింపు అది.

ఆ నిఘా ఎలా ఉండేదో మీకు నాకంటే బాగా తెలుస్తుంది. అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మార్క్ క్లైన్, 2006లో ఆ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కో భవనపు పత్రాలను పౌరహక్కుల న్యాయవాదులకు అందజేశారు. ఫైబర్ కేబుల్‌లో వచ్చే వెలుగును స్ప్లిటర్ రెండు పాయలు చేసేది. ఒక పాయ తన దారిన తాను పోతే, రెండోది మామూలు సిబ్బందికి ప్రవేశం లేని 641ఎ అనే గదిలోకి పోయేది. ఫలానా నంబరు, ఫలానా మనిషి అన్న ఎంపిక స్ప్లిటర్‌కు తెలియదు కదా, ఆ కేబుల్‌లో పారేదంతా నకలైపోతుంది.

దీని మీద 40 దాకా కేసులు పడ్డాయి. కొత్త చట్టం వచ్చాక, అధ్యక్షుడు అనుమతించారనీ ఇది చట్టబద్ధమేననీ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పామని అటార్నీ జనరల్ ధ్రువీకరిస్తే చాలు, కేసు కొట్టేయవచ్చు. ఆ పని నిజంగా చట్టబద్ధమేనా అన్న ప్రశ్న న్యాయమూర్తి ముందుకే రాదు. 2009 జూన్‌లో కేసులు కొట్టేశారు, 2012లో అక్కడి సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. నన్ను బాధించేది నష్టపరిహారం రాకపోవడం కాదండీ, ఏం జరిగిందో ప్రమాణం చేసి చెప్పాల్సిన చోటు మూతపడిపోవడం. క్వెస్ట్ అనే కంపెనీ కోర్టు ఉత్తర్వు చూపమని అడిగి, అది రాకపోయేసరికి సహకరించలేదని దాని మాజీ అధిపతి తరఫు న్యాయవాది 2006లో ప్రకటించారు. కాదనడం సాధ్యమేననడానికి అదొక్కటి చాలు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చివరికి ఒకటే ఫలితమైతే, రేపు అడిగేదెవరు?

మీరుండే ఊరి సంగతే చూడండి. ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద రామకృష్ణ హెగ్డే 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పట్లో టెలిఫోన్లు ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉండేవి కనుక, వినమన్నవాళ్లకూ వినిపించేవాళ్లకూ మధ్య వేరే మనిషి లేడు. ఇప్పుడు మధ్యలో మీరున్నారు.

మన సుప్రీంకోర్టు ఆ మధ్య మనిషిని వదిలిపెట్టలేదు. 2005లో సమాజ్‌వాదీ పార్టీ నాయకుడు అమర్‌సింగ్ ఫోన్‌ను ట్యాప్ చేయమంటూ ఒక ప్రైవేటు టెలికాం సంస్థకు ఢిల్లీ పోలీసు, హోం అధికారుల పేర్లతో వచ్చిన ఉత్తర్వులు ఫోర్జరీవని తేలింది. వాటి నిండా అక్షర దోషాలు, వ్యాకరణ దోషాలు. అలాంటి కాగితం చూసి కూడా అనుమానించకపోవడమేమిటని, సర్వీస్ ప్రొవైడర్ బాధ్యత గల సంస్థగా నడుచుకోవాలని 2011 తీర్పులో కోర్టు గట్టిగా చెప్పింది. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో 1996 నాటి తీర్పు ఉత్తర్వుపై ఎవరు సంతకం చేయాలో చెబితే, ఈ తీర్పు ఆ సంతకాన్ని సరిచూసుకునే బాధ్యతను కంపెనీ మీద పెట్టింది.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో, ప్రభుత్వమూ దాని తరఫున పనిచేసేవారూ సద్భావంతో చేసిన పనులకు రక్షణ ఉంది. కాగితం చదవకుండా చేసిన పనిని సద్భావంగా ఒప్పుకోకూడదన్నది నా అభిప్రాయం. అదే చట్టం అక్రమంగా సందేశాలు వింటే 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. ట్యాపింగ్‌కు గురైన మనిషికి తర్వాతైనా తెలియజేయాలన్న నిబంధన మన దగ్గర లేదు కనుక, ఆ ఉత్తర్వును అతని తరఫున చూడగలిగే బయటి కళ్లు మీ సంస్థవే. హోం కార్యదర్శి స్థాయి అనుమతి ఉందా, గడువు ఎప్పటివరకు, ఇలాంటి ఉత్తర్వులు అందుకోవడానికి మీ సంస్థ నియమించిన నోడల్ అధికారి ద్వారానే వచ్చిందా అన్నవి చూడండి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పిన పనిని మాత్రం మొదలుపెట్టకండి. రాతపూర్వకంగా అడగండి, అడిగిన రోజునే తేదీ వేసి మీ నోడల్ అధికారికి మెయిల్ పెట్టండి.