మైసూరు వెళ్లే మనవరాలికి

దొనకొండ

చిరంజీవి అమ్మలూకి తాతయ్య ఆశీస్సులు.

మైసూరు రైల్ మ్యూజియంకి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వైపీ ఇంజిన్ మోడల్ మొదలుపెట్టావట, అదే మీటర్ గేజ్ పట్టాల మీద నడిచిన ఆవిరి ఇంజిన్‌ది, దానికి ఫోటోలు కావాలట. మంచి పని. మన గుంటూరు–గుంతకల్లు లైన్ మీటర్ గేజ్‌గా, అంటే పట్టాల మధ్య దూరం ఒక మీటరుగా ఉన్న రోజుల్లో ఇక్కడి లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసినవాణ్ణి. కెమెరా గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఇంజిన్‌లో ఎక్కడ చూడాలో మాత్రం నేను చెప్తాను.

మ్యూజియంకి వచ్చినవాళ్లంతా ఇంజిన్ ముందు మూలన నిలబడి, ముఖమూ ఒక పక్కా కలిసి పడేలా ఫోటో తీసుకుంటారు. గోడకు తగిలించుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నీకు అలాంటిది ఒక్కటి చాలు, ఎందుకంటే దాంట్లోంచి కొలతలు తీయలేవు. నువ్వు తీయాల్సింది సరిగ్గా పక్కకు ఎదురుగా నిలబడి. అది కూడా ఎంత వెనక్కి జరగగలిగితే అంత వెనక్కి జరిగి, జూమ్ చేసి. దగ్గర్నుంచి ఫోన్ వైడ్ లెన్స్‌తో తీస్తే ఇంజిన్ చివర్లు వంగిపోతాయి. ఫోన్‌ని చక్రాలకీ బాయిలర్‌కీ మధ్య ఎత్తులో పట్టుకో.

వెనక్కి జరగమనేది ఎందుకో లెక్కలో చూడు. చక్రాల బయటి ముఖం నుంచి బాయిలర్ మధ్యగీత దాదాపు 60 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. నువ్వు చక్రాలకు 10 మీటర్ల దూరంలో నిలబడితే, చక్రాలతో పోలిస్తే బాయిలర్ 6 శాతం చిన్నదిగా పడుతుంది. 20 మీటర్లకు జరిగితే ఆ తేడా 3 శాతానికి దిగుతుంది. అంత ఖాళీ స్థలం లేకపోతే పట్టాలకు సమాంతరంగా నడుస్తూ ముక్కలు ముక్కలుగా తియ్యి. ప్రతి ఫోటోలో పక్క ఫోటోలోది మూడో వంతైనా మళ్లీ పడాలి, లేకపోతే తర్వాత అతికించలేక ఏడుస్తావు.

ఒక మీటరు పొడుగు బద్దకి 10 సెంటీమీటర్లకొకసారి నలుపు, తెలుపు పట్టీలు వేసి తీసుకెళ్లు. దాన్ని చక్రాల ముఖానికి సరిసమానంగా నిలబెట్టాలి. చేతికి వీలుగా ఉందని అర మీటరు ముందుకు పెట్టావంటే, 10 మీటర్ల నుంచి తీసిన ఫోటోలో కొలత 5 శాతం తప్పుతుంది. లోపలికి తీసుకెళ్లేముందు సిబ్బందిని అడుగు, తాకొద్దంటే తాకకు.

వైపీ పెద్ద చక్రం 1372 మిల్లీమీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. 87వ వంతు మోడల్లో అది 15.8 మిల్లీమీటర్లు. కానీ ఫోటోలోని చక్రాన్ని పట్టుకుని స్కేలు కట్టొద్దు. చక్రం చుట్టూ ఉండే ఉక్కు టైరు అరిగినప్పుడల్లా లేత్ మీద తిప్పి చెక్కడం షెడ్‌లో మామూలే, కాబట్టి మ్యూజియంకి చేరిన ఇంజిన్ చక్రం కొత్తదానికంటే చిన్నదే అనుకో. అరగనిది గేజ్ ఒక్కటే. ముందు నుంచి తీసిన ఫోటోలో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు, దాన్ని నమ్ము. నీ స్కేలులో అది 11.5 వస్తుంది. మోడల్ వాళ్లు వాడే ట్రాక్ 12, ఆ అర మిల్లీమీటరుకి టెన్షన్ పడకు.

ఇప్పుడు అందరూ వదిలేసే చోటు చెప్తాను. అసలు ఇంజిన్‌ని మనం కింద నిలబడి చూస్తాం. నీ మోడల్‌ని మాత్రం బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తారు. డ్రైవర్ నిలబడే క్యాబ్ కప్పు, బాయిలర్ మీద బుడిపెలా ఉండే డోమ్ పైభాగం, వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్‌లో బొగ్గు పోసే గుంట, నీళ్లు నింపే మూత – ఇవేవీ మామూలు ఫోటోల్లో ఉండవు, నీ బల్ల మీద మాత్రం మొట్టమొదట కనపడేవి అవే. ఎక్కనివ్వరు, ఎక్కకు కూడా. సెల్ఫీ స్టిక్ చివర ఫోన్ పెట్టి, వీడియో ఆన్ చేసి, ఇంజిన్ పొడుగునా మెల్లగా నడువు. ఆ వీడియోలోంచి ఫోటోలు తీసుకోవచ్చు.

కింద భాగం ఇంకో తలనొప్పి. నల్ల ఇంజిన్, మిట్టమధ్యాహ్నం ఎండ – ఫ్రేమ్ కింద అంతా చీకటి. మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టమే. లేకపోతే తెల్ల దుప్పటి ఒకటి తీసుకెళ్లి ఎండ పడే వైపు చక్రాల ముందు నేల మీద పరుచు. వెలుగు కింద నుంచి పైకి కొట్టి స్ప్రింగులు, బ్రేక్ రాడ్లు, బూడిద పడే యాష్‌పాన్ అన్నీ బయటపడతాయి. ఎవరైనా నవ్వితే నవ్వనీ. రివెట్ల కోసం మాత్రం టార్చి చేత్తో పట్టుకుని పక్క నుంచి ఏటవాలుగా వెయ్యి. ఒక్కో రివెట్‌కి చిన్న నీడ పడుతుంది, వరస లెక్కపెట్టుకోవచ్చు. ఎదురుగా ఫ్లాష్ కొడితే రేకు సాపుగా కనపడుతుంది.

రెండు పక్కలూ తియ్యి. కుడిపక్క పైపులు ఎడమపక్క ఉన్నట్టు ఉండవు. ముందు, వెనక తీసేటప్పుడు మధ్యలో ఉన్న కప్లర్‌నీ (పెట్టెలు తగిలించే కొక్కెం) దాని పక్కన బ్రేకుల వాక్యూమ్ గొట్టాన్నీ విడిగా తియ్యి. బ్రాడ్ గేజ్ (పెద్ద లైన్) బండికి చెరోవైపు ఉన్న బఫర్లు చూసి అలవాటైన చేతులు ఇక్కడే తప్పు చేస్తాయి. వైపీలు బాల్డ్విన్, నార్త్ బ్రిటిష్, క్రౌస్ మఫై, మన టెల్కో – ఇన్ని కంపెనీలు చేశాయి. అందుకని ఏ ఇంజిన్ దగ్గరైనా మొదటి ఫోటో నంబర్ ప్లేటుది, రెండోది తయారీ ప్లేటుది. రాత్రికి ఏ ఫోటో ఏ ఇంజిన్‌దో తికమకపడకుండా అదే కాపాడుతుంది.

మ్యూజియం రంగును మాత్రం నమ్మకు. చూడ్డానికి ముచ్చటగా ఉండాలని చక్రాల అంచులకు తెలుపు, రాడ్లకు ఎరుపో వెండి రంగో వేస్తారు. పనిచేసే రోజుల్లో చక్రాల్ని తిప్పే కనెక్టింగ్ రాడ్ రంగు లేని ఉక్కు, పైన నూనె జిడ్డు, ఆ జిడ్డు మీద దుమ్ము. బాయిలర్ ముందు పొగ చేరే స్మోక్ బాక్స్ నల్లగా మెరవదు, వేడికి రంగు పోయి బూడిదరంగులోకి తిరుగుతుంది. కొన్నింటికి ఇత్తడి సామాను మాయమై ఉంటుంది. విజిల్, ఆవిరి ఒత్తిడి చూపే గేజీ, ఆయిల్ కప్పులు ఉండాల్సిన చోట బోల్టు రంధ్రాలు కనపడితే వాటినీ దగ్గరగా తియ్యి. అక్కడ ఏముండేదో నేను చెప్తాను.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి రివెట్లు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపు. లేదా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సంక్రాంతికి తీసుకురా. పిస్టన్ రాడ్డూ కనెక్టింగ్ రాడ్డూ కలిసే క్రాస్‌హెడ్ దగ్గర తీసినవి ముందు చూద్దాం, నువ్వు తప్పు చేస్తే అక్కడే చేస్తావు.

మీ తాతయ్య