ముందు కుట్లు చూడు

చిరంజీవి మేనకోడలికి,

అమెరికా దుస్తుల చరిత్ర చదవబోతున్నానని రాశావు. సంతోషం. అయితే డిజైనర్ల పేర్లు బట్టీ పట్టడంతో మొదలుపెట్టకు. అలా చదివితే గౌను అంచు ఎప్పుడు పైకి పోయిందో, ఎప్పుడు కిందికి దిగిందో తప్ప ఏమీ మిగలదు. ఒక్క వస్త్రం పట్టుకో. దాన్ని ఎవరు కుట్టారు, ఎవరు కొన్నారు, ఎవరు తొడుక్కుంటే ఎవరికి కోపం వచ్చిందో ఆరా తీయి.

నన్నడిగితే షర్ట్‌వెయిస్ట్‌తో మొదలుపెడతాను. మగవాళ్ల చొక్కా పోలికలో కుట్టిన ఆడవాళ్ల పైవస్త్రం అది. 1900 ప్రాంతంలో టైపిస్టులుగా, దుకాణాల్లో గుమాస్తాలుగా చేరిన అమ్మాయిలు పొడవాటి లంగా మీదికి దాన్ని వేసుకునేవారు. ఉతకడం తేలిక, ధర తక్కువ. ఇక్కడితో ఆగితే అది స్త్రీ స్వేచ్ఛ కథ. ధర ఎందుకు తక్కువని అడిగావా, కథ మారిపోతుంది. న్యూయార్క్‌లో వాటిని కుట్టినవారిలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల యువతులు. 1909 నవంబరులో క్లారా లెమ్లిచ్ అనే కార్మికురాలు సభలో లేచి సమ్మె చేద్దామంటే దాదాపు 20,000 మంది పని ఆపేశారు. వాళ్ల సోకైన టోపీలు చూసి, వీళ్లకేం కష్టమని అనుమానపడ్డ విలేకరులూ ఉన్నారు! 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ఇవే షర్ట్‌వెయిస్ట్‌లు కుట్టే ట్రయాంగిల్ ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు బయటపడే దారుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. ఆ ఘోరాన్ని కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో దేశానికి కార్మిక మంత్రి అయ్యారు.

బట్ట మారితే సమాజం మారుతుందని మాత్రం తొందరపడి రాయకు. 1851లో స్త్రీల హక్కుల కోసం పనిచేసిన అమీలియా బ్లూమర్ పొట్టి గౌను కింద పైజామా లాంటిది వేసుకోమని ప్రచారం చేశారు. ఎగతాళి ఎంత ముదిరిందంటే, హక్కుల మాట పక్కకు పోతోందని ఉద్యమంలోని స్త్రీలే కొన్నేళ్లకు దాన్ని వదిలేశారు. 1943లో లాస్ ఏంజెలెస్‌లో ‘జూట్ సూట్లు’ (zoot suit: పొడవాటి కోటు, వదులు ప్యాంటు) వేసుకున్న మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లను నావికులు వీధుల్లో కొట్టి బట్టలు ఊడదీశారు. యుద్ధకాలంలో గుడ్డ వృథా చేస్తున్నారన్నది పైకి చెప్పిన సాకు; లోపల ఉన్నది జాతి ద్వేషం.

మ్యూజియం అద్దాల వెనక కనిపించేవి ఎక్కువగా ధనికుల గౌన్లే. పనిబట్టలను చిరిగేదాకా తొడిగి, తరువాత మసిగుడ్డలు చేసుకున్నారు. అందుకే తపాలాలో సరుకులు అమ్మిన సియర్స్ కంపెనీ పాత కేటలాగులు తిరగెయ్యి, ధరలు రాసుకో. ట్రయాంగిల్ పత్రాలను కార్నెల్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉంచింది. బతికి బయటపడ్డవారి మాటలు ముందు చదువు, పాఠ్యపుస్తకం తరువాత.

ఆశీస్సులతో,
నీ మేనత్త