తొమ్మిది కారణాలున్నా కాలు కదలట్లేదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. నాన్న 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. పోయినేడాది షుగర్ పరీక్షలో నాకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల చక్కెర సగటు) 6.1 వచ్చింది. బోర్డర్‌లో ఉన్నారు, ఆరు నెలలకు మళ్లీ రండి అన్నారు డాక్టరు. కాస్త తగ్గాక వెళ్దామని ఆగాను, ఏడాది దాటిపోయింది. మా ఆవిడకు నా తిండి మీద తప్ప వేరే ధ్యాస లేదు. రెండోసారి వడ్డించమంటే ఒక చూపు, ఒక మాట. తమ్ముడు ఇంటికొస్తే వాడి ముందే "మీ అన్నయ్యకు నువ్వైనా చెప్పవయ్యా" అంటుంది. ఆమెకు మాటిచ్చానని మధ్యాహ్నం భోజనం మానేశాను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఏదో ఒకటి కొనుక్కుని కార్లోనే తినేసి, కవర్లు దారిలో పడేసి ఇంటికి వెళ్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. జిమ్‌లో చేరడం, మానేయడం మామూలైపోయింది. ఎందుకు తగ్గాలనుకుంటున్నారో రాసుకోండి అని ఎవరో చెబితే రాసుకున్నాను: ఆరోగ్యం, ఆయుష్షు, మా ఆవిడ సంతోషం, పిల్లల భవిష్యత్తు, ఆఫీసులో గౌరవం, పాత బట్టలు పట్టడం, అమ్మ దిగులు, డాక్టరు మాట, నలుగురిలో చులకన కాకపోవడం. తొమ్మిది కారణాలు. ఒక్కటీ నన్ను పొద్దున్నే లేపడం లేదు. నాలో ఏమిటి లోపం? (మీకు నవ్వొస్తుందేమో గానీ, మొన్న మా పాపకు సైకిల్ నేర్పుతూ వెనక సీటు పట్టుకుని పరిగెత్తలేక మధ్యలో వదిలేశాను. పాప పడలేదు. కానీ మర్నాడు "బాబాయి నేర్పిస్తాడులే నాన్నా" అంది.)

జవాబు: నాకు నవ్వు రాలేదండీ. ఉత్తరమంతా చదివాక నేను మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకున్నది ఆ బ్రాకెట్లో ఉన్న నాలుగు ముక్కలే. మిగతాదంతా మీరు నాకు రాశారు. అది మాత్రం నోరు జారినట్టు వచ్చేసింది.

ముందు మీ జాబితా చూద్దాం. అమ్మ దిగులు అమ్మది. డాక్టరు మాట డాక్టరుది. మీ ఆవిడ సంతోషం ఆమెది. ఆఫీసులో గౌరవం, నలుగురిలో చులకన, ఈ రెండూ ఇతరుల చూపుకు సంబంధించినవి. ఆరోగ్యం, ఆయుష్షు, పిల్లల భవిష్యత్తు అనేవి ఎవరినడిగినా రాసే మాటలు, కాదనలేం, కానీ అందులో మీరు కనిపించరు. పాత బట్టలొక్కటే కొంచెం మీ సొంతంలా ఉంది, అదీ మొహమాటంగా మధ్యలో ఇరికించారు. తొమ్మిది కారణాలూ మంచివే. అవి మీవి కాకపోవడం వల్లే పొద్దున్న అలారం మోగినప్పుడు ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుంది తప్ప మీకు మీరు లేచినట్టు ఉండదు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పనిచేసింది దీని మీదే. మనిషి ఒక పనిని ఒత్తిడికో సిగ్గుకో లొంగి చేయడం వేరు, అది తనకే కావాలనిపించి చేయడం వేరు అన్నది వారి సిద్ధాంతం. ఒత్తిడితో మొదలుపెట్టలేమని కాదు. పెళ్లికనో, ఫొటోలకనో, ఎవరో ఏదో అన్నారనో మొదలుపెట్టి నాలుగైదు కిలోలు తగ్గినవాళ్లు బోలెడుమంది. ఆ రోజు గడిచాక, ఆ అన్నవాళ్లు పక్కన లేనప్పుడు ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. మీ విషయంలో జవాబు ఎదురుగానే ఉంది. చూసే కళ్లు ఇంట్లో ఉన్నాయి, కార్లో లేవు. అందుకే తిండి కార్లోకి చేరింది. మీరు దాన్ని మీ బలహీనత అంటున్నారు. కాపలాలో బతికే ఎవరైనా కాపలా లేని చోటు వెతుక్కుంటారు.

పైగా మీరు మధ్యాహ్నం భోజనం మానేస్తున్నారు. మధ్యాహ్నమంతా ఖాళీ కడుపుతో పనిచేసి, సాయంత్రం ఆరింటికి ఘుమఘుమలాడే దుకాణం ముందు కారు ఆపి, అక్కడ నిగ్రహం చూపించాలంటే ఎవరి తరమూ కాదు. అక్కడ మిమ్మల్ని ఓడించేది ఆకలి. కాబట్టి మొట్టమొదటి పని ఏదైనా తగ్గించడం కాదు. మధ్యాహ్నం కూర్చుని కడుపు నిండా తినండి. ఇది మీరు ఊహించిన సలహా కాదని తెలుసు. అయినా సాయంత్రం కొనాలనిపిస్తే కొనండి, కానీ ఇంటికి తెచ్చుకుని, పళ్లెంలో పెట్టుకుని, అందరి ముందూ తినండి. ఇది చాలా కష్టమైన పని, జిమ్ కన్నా కష్టం. కానీ రహస్యంగా తిన్నదానికి రుచీ తెలియదు, కడుపు నిండిందనీ తెలియదు. తినేది ఆపలేకపోతున్నాను, చేయి నా అదుపులో లేదు అనిపించేంత ఎక్కువగా, వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే మాత్రం దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరుంది, చికిత్స కూడా ఉంది. అప్పుడు మానసిక నిపుణుణ్ని కలవండి. మీరు రాసినదాన్ని బట్టి అక్కడిదాకా వచ్చినట్టు నాకు అనిపించలేదు, కానీ అది ఉత్తరం చదివి తేల్చే విషయం కాదు.

ఇక భయం సంగతి. నాన్నగారు 52కి పోయారు, మీకు 44. ఎనిమిదేళ్లు అని మీరు లెక్కపెట్టుకోవడం లేదంటే నేను నమ్మను. మీ ఆవిడ కూడా అదే లెక్క పెడుతోంది, దానికి మళ్లీ వస్తాను. భయం మనిషిని పరిగెత్తించే మాట నిజమే, అయితే ఏ వైపుకు అన్నది మన చేతిలో ఉండదు. మీరు పరీక్ష వైపు కాకుండా పరీక్ష నుంచి దూరంగా పరిగెత్తారు. "తగ్గాక వెళ్దాం" అనడం, ఇల్లంతా కడిగి పెట్టాకే పనిమనిషిని పిలుద్దాం అన్నట్టుంది. తిట్లు తప్పించుకోవడానికి తప్ప అందులో వేరే లాభం లేదు.

6.1 అంటే ఏమిటో ఒకసారి నింపాదిగా చూద్దాం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటారు, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మధుమేహం. మీరు మధ్యలో ఉన్నారు, అదీ ఏడాది కిందటి మాట. ఇలాంటి స్థితిలో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషులతో అమెరికాలో పెద్ద అధ్యయనం జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. ఒక వర్గానికి పెట్టిన లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చేయడం. సుమారు మూడేళ్లలో వాళ్లకు మధుమేహం వచ్చే అవకాశం, మందు పేరుతో ఉత్తుత్తి బిళ్ల ఇచ్చినవాళ్లతో పోలిస్తే 58 శాతం తగ్గింది. నాకు ఇందులో నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ వర్గంవాళ్లు సగటున తగ్గింది 5.6 కిలోలే. అంతకే అంత ఫలితం.

మీకు 7 శాతం అంటే దాదాపు 7 కిలోలు. 98 నుంచి 91కి వస్తారు. 91లో కూడా చుట్టాలు మిమ్మల్ని లావుగానే ఉన్నావంటారు, పాత ప్యాంట్లు పట్టకపోవచ్చు, ఆఫీసులో ఎవరూ గమనించరు. మీ జాబితాలో సగం కారణాలు 91 దగ్గర ఫెయిలైనట్టే లెక్క. కానీ మీ రక్తంలో జరగాల్సిన మంచి అప్పటికే మొదలై ఉంటుంది. ఇతరుల కళ్లతో చూసుకునేవాడు సరిగ్గా ఇక్కడే "ఇంత చేసినా ఏం లాభం" అని వదిలేస్తాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఒక్క కిలో కూడా తగ్గనివాళ్లు తక్కువే.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. మాలాంటివాళ్లం కౌన్సెలింగ్‌లో తరచుగా అడిగే ప్రశ్నే ఇది. బరువు తగ్గడం మీకెంత ముఖ్యమో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పండి. ఆరు అన్నారనుకోండి. పది ఎందుకు కాదని నేను అడగను, అలా అడిగితే మీరు సాకులు చెబుతారు, నేను ఉపన్యాసం ఇస్తాను. ఆరెందుకు, రెండు ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబును కాగితం మీద అందంగా రాయక్కర్లేదు. పైకి అనండి చాలు.

మీ జవాబు ఆ బ్రాకెట్లో ఉందని నా అనుమానం. పాప పడలేదు, ఏ ప్రమాదమూ జరగలేదు, ఎవరూ మిమ్మల్ని ఒక్క మాటా అనలేదు. పాప చాలా మంచిగా, మీకు శ్రమ తప్పిద్దామనే అంది. అయినా అది మీకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ సీటు పట్టుకునే చోటు మీది, అది తమ్ముడికి వెళ్లిపోయింది. ఇందులో కాస్త అసూయ ఉంది. ఉంటే ఉండనివ్వండి. మనిషిని కదిలించే కారణం గొప్పదై ఉండాలని ఎక్కడా లేదు. తమ్ముడి మీద ఉక్రోషంతో నడక మొదలుపెట్టి పదేళ్లు నడిచినా గుండెకు తేడా తెలియదు.

ఒక్క జాగ్రత్త. దీన్ని "పాప కోసం" అని జాబితాలో పదో కారణంగా చేర్చకండి. అప్పుడు అదీ బాధ్యత అయిపోతుంది, ఆ పిల్ల మీద మీ బరువు పెట్టినట్టూ అవుతుంది. వీధి చివరిదాకా ఆయాసం లేకుండా పరిగెత్తాలని ఉంది. ఎవరికి? మీకు. అంతే.

ఈ కారణంలో ఇంకో సుఖముంది. త్వరగా ఫలితం చూపిస్తుంది. ఒంట్లో నీరు, ఉప్పు, కడుపులో ఉన్న తిండిని బట్టి తూకం ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, దాన్ని రోజూ చూసుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఊపిరి అలా కాదు. క్రమంగా నడిచేవాళ్లకు, బరువు పెద్దగా మారకపోయినా, కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గడం తెలుస్తుంది. రెండంతస్తులు ఎక్కాక ఫోన్లో మాట్లాడగలుగుతున్నానా లేదా, మొదటి రెండు నెలలూ మీ కొలత ఇదే.

పొద్దున్నే లేవడం మీకు కుదరడం లేదని మీరే అన్నారు. వదిలేయండి మరి. పొద్దున్నే చేస్తేనే వ్యాయామం అని ఎవరన్నారు? రాత్రి భోజనమయ్యాక చేయి కడుక్కుని, సోఫాలో కూర్చోకముందే చెప్పులేసుకుని పది నిమిషాలు బయట తిరిగి రండి. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు, మీకు అది అదనపు లాభం. పది నిమిషాలు సులువయ్యాక పెంచుకుంటూ పోవచ్చు. ఇది ఎప్పటికి అలవాటవుతుందంటే, లండన్‌లో 96 మందితో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 అని అంచనా. కాబట్టి 21 రోజుల్లో అలవాటైపోతుందనే కబుర్లు నమ్మి నిరాశపడకండి. అదే అధ్యయనంలో తేలిన ఇంకో సంగతి, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

పరిగెత్తడం మాత్రం డాక్టర్ని కలిశాకే. నాన్నగారి సంగతి చెప్పండి, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి, ఈసీజీ అవసరమా అని అడగండి. బాగా గురక పెట్టి పగలు తూగుతుంటే అదీ చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంటే నీరసం దానిదే కావచ్చు. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, చేయి లాగినా, చల్లటి చెమటలు పట్టినా ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దాం అనకూడదు. 98 కిలోలతోనే వెళ్లండి. డాక్టర్లు మన బరువు చూసి దడుచుకోరు.

మీ ఆవిడ విషయానికొద్దాం. తమ్ముడి ముందు మిమ్మల్ని అలా అనడం తప్పు. ప్రేమతో అన్నా తప్పే. లావుగా ఉన్నవాళ్లను సిగ్గుపడేలా చేస్తే సన్నబడరు, చాటుగా తినడం, నలుగురిలో కదలడానికి జంకడం ఎక్కువవుతాయి. మీ ఇంట్లో జరిగింది అదే. కానీ మామగారు ఎలా పోయారో ఆమెకూ తెలుసు. రోజూ పళ్లెం వైపు చూసే ఆ చూపులో కోపం పైపైన ఉంటుంది, కింద ఉన్నది వేరే. మీరిద్దరూ ఒకే విషయానికి భయపడుతూ, దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోకుండా, రోజూ రెండో వడ్డన గురించి పోట్లాడుకుంటున్నారు.

ఆమెతో కూర్చుని మాట్లాడండి, భోజనాల వేళ కాకుండా. కారు సంగతి మీరే చెప్పండి, ఆమె కనిపెట్టేదాకా ఆగకండి. బహుశా ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. తర్వాత రెండే అడగండి. "నా పళ్లెం నాకు వదిలెయ్. తమ్ముడి ముందు ఈ మాట ఎత్తకు." దానికి బదులుగా మీరు ఇవ్వగలిగింది ఒకటుంది: "పరీక్షకు ఈ వారమే వెళ్దాం, నువ్వూ రా, డాక్టరు ఏం చెప్పారో నువ్వే విను." ఆమెకు కావాల్సింది మీ చేత ఒక ముద్ద తక్కువ తినిపించడం కాదు, మీరు ఈ విషయం పట్టించుకుంటున్నారన్న భరోసా. అది దొరికితే కాపలా తగ్గుతుంది. ఒక్క రోజులో తగ్గదు. ఏళ్ల అలవాటు కదా, ఆమె కూడా నోరు జారుతుంది, అప్పుడు "మనం అనుకున్నాం కదా" అని గుర్తుచేయండి చాలు, గొడవకు దిగకండి. రాత్రి నడకకు తోడు వస్తానంటే రమ్మనండి, రానంటే బలవంతం చేయకండి.

ఈ జవాబు ఆమెకు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూపిస్తే మాత్రం మొత్తం చూపించండి, ఆమెను తప్పన్న చోటు ఒక్కటే మడిచి పెట్టి కాదు.